కుచ్చిళ్ల మీద బెల్ట్: వెనక సీటు ప్రమాదాన్ని కంప్యూటర్‌లో నడిపిన అనుభవం

ప్రశ్న ఒక్కటే. 153 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషి చీర కట్టుకుని, కారు వెనక సీట్లో బెల్ట్ పెట్టుకుని కూర్చుంది. కారు గంటకు 56 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గోడను గుద్దింది. నడుము బెల్ట్ ఆమె కటి ఎముకను పట్టుకుని ఆపుతుందా, ఎముక మీంచి జారి పొట్టలోకి దిగుతుందా? ఇలా జారడాన్ని ఈ రంగంలో సబ్‌మెరైనింగ్ అంటారు. మనిషి బెల్ట్ కింద నుంచి జలాంతర్గామిలా ముందుకు దూరిపోతుంది, బెల్ట్ పొట్టలోని మెత్తటి భాగాలను వెన్నుకు నొక్కేస్తుంది. పేగులు, పేగులను పట్టి ఉంచే పొర చిరగడం, నడుము దగ్గర వెన్నుపూస అడ్డంగా విరగడం దీని ఫలితాలు. పొట్ట మీద అడ్డంగా పడే కమిలిన చారను డాక్టర్లు సీట్ బెల్ట్ సైన్ అంటారు. ఆ చార తుంటి ఎముకల మీద కాకుండా బొడ్డు దగ్గర ఉంటే లోపల ఏదో తెగిందేమోనని వెతుకుతారు.

శని, ఆదివారాల్లో విశాఖ నుంచి సింహాచలానికో అరకుకో బయల్దేరే కార్లు చూడండి. వెనక సీట్లో చీరల్లో పెద్దవాళ్లు. బెల్ట్ పెట్టుకునేవాళ్లే తక్కువ. పెట్టుకున్నా అది కుచ్చిళ్ల మీంచే పోతుంది. క్రాష్ ల్యాబుల్లో డమ్మీకి, అంటే మనిషి బదులు కూర్చోబెట్టే బొమ్మకి, తొడిగేది ఒంటికి అతుక్కునే కాటన్ చొక్కా, ప్యాంటు. పొట్టి మనిషి, లోతైన సీటు, బొడ్డు కింద దోపిన గుడ్డ మందం, ఈ మూడూ కలిసిన పరిస్థితి ఆ పరీక్షలో ఉండదు. అందుకే దాన్ని కంప్యూటర్‌లో కూర్చాం.

మానవ నమూనా టయోటా వాళ్ల థమ్స్. 2000లో మొదటి వెర్షన్ వచ్చింది. 2010 నాటి నాలుగో వెర్షన్‌లో మెదడు, లోపలి అవయవాలు వివరంగా చేరాయి. 2021 జనవరి నుంచి దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. డమ్మీ ఇనుము, రబ్బరు. సెన్సర్ పెట్టిన చోటే కొలత. థమ్స్‌లో ప్రతి పక్కటెముకకీ బయటి గట్టి పొర, లోపలి గుల్ల ఎముక విడివిడిగా ఉంటాయి. కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు, పేగులు వేటికవే. మొత్తం ఇరవై లక్షలకు దగ్గరగా ఎలిమెంట్లు, అంటే లెక్క కోసం నమూనాను కోసిన చిన్న ముక్కలు. సగటు మగ నమూనా ఒకటి ఉంది. చిన్న ఆడ నమూనాను ఏఎఫ్05 అంటారు: 153 సెం.మీ., 49 కిలోలు. అమెరికా ఆడవాళ్లను ఎత్తు, బరువుల వరసలో నిలబెడితే నూటికి ఐదుగురు మాత్రమే ఆమెకన్నా చిన్నగా ఉంటారని దానర్థం. మన దేశంలో వయోజన స్త్రీ సగటు ఎత్తు 152 దగ్గరే. అంటే అక్కడ వరస చివర నిలబడిన మనిషి ఇక్కడ మధ్యలో ఉంది. ఈ పనంతా సగటు మగ నమూనాతో కాక ఈమెతో మొదలుపెట్టడానికి కారణం ఇదే. బరువు మాత్రం సరిపోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రమాణ స్త్రీకి తీసుకున్న బరువు 55 కిలోలు. ఆ ఆరు కిలోలు ఎక్కడ చేరతాయన్నది ముఖ్యం. పొట్ట మీద చేరితే బెల్ట్ ఎముకకు అంత దూరం జరుగుతుంది.

గణనకు వాడింది ఎల్ఎస్-డైనా అనే సాఫ్ట్‌వేర్, కాలేజీ లైసెన్సు మీద. లైసెన్సు దొరకని వాళ్లకు 2022 సెప్టెంబరులో అదే పని చేసే ఓపెన్‌రేడియోస్ సోర్సు కోడ్‌తో సహా బయటికొచ్చింది. డైనా ఫైళ్లను చాలావరకు చదువుతుంది. అయితే ఇంత పెద్ద నమూనాలో ప్రతి మెటీరియలూ, భాగాలు ఒకదానికొకటి తగిలే తీరును చెప్పే ప్రతి కాంటాక్టూ అందులో అలాగే నడుస్తాయని అనుకోకూడదు. ఒక్కో భాగాన్నీ రెండింట్లోనూ నడిపి పక్కపక్కన చూసుకున్నాకే నమ్మాలి.

కారునీ మనిషినీ ఒకే ఫైల్లో పెట్టలేదు. ముందు కారును ఒక్కదాన్నే గోడకు కొట్టి కారు లోపలి నేల కదలికను తీసుకున్నాం. తర్వాత వెనక సీటు, నేల, బెల్ట్, మనిషి మాత్రమే ఉన్న స్లెడ్‌కి ఆ కదలికను ఇచ్చాం. జార్జ్ మేసన్ యూనివర్సిటీ క్రాష్ కేంద్రం ఉచితంగా పెట్టిన 2010 యారిస్ కారు నమూనా వాడాం, సుమారు 1100 కిలోలు. 56 కిలోమీటర్లంటే సెకనుకు 15.6 మీటర్లు. కారు ముందు భాగం 0.6 మీటరు నలిగి ఆగిందనుకుంటే, వేగం వర్గాన్ని రెండింతల దూరంతో భాగించండి: సెకను వర్గానికి 203 మీటర్లు, అంటే సగటున దాదాపు 21 జీ, గురుత్వాకర్షణకు 21 రెట్లు. 49 కిలోల మనిషికి అది దాదాపు టన్ను బరువుతో సమానం. కాగితం మీద వేసిన ఈ లెక్కకు దూరంగా పోయిన పల్స్ (కారు ఆగే తీరును చూపే వక్రం) ఎంత అందంగా కనిపించినా తీసుకోకూడదు.

పల్స్ ఏ నోడ్ (ఎలిమెంట్లు కలిసే బిందువు) దగ్గర తీశామన్నది పెద్ద విషయం. మొదట నేల రేకు మధ్యలో ఒక నోడ్ ఎంచుకుంటే త్వరణం 150 జీ దాటి ఎగిరింది. పల్చటి రేకు డప్పులా కొట్టుకుంటుంది కదా, అది కారు కదలిక కాదు. పైగా 0.1 మిల్లీసెకనుకు ఒకసారి రాసుకున్న ఆ త్వరణాన్ని కూడితే వచ్చిన వేగం, అదే నోడ్ వేగంతో సరిపడలేదు. కొట్టుకునే నోడ్‌ను అరకొరగా నమోదు చేస్తే అంతే. నడిమి స్తంభం అడుగున, గడప బాక్సు గట్టిగా ఉన్న చోటికి మారాం. త్వరణాన్ని వదిలేసి నేరుగా వేగం వక్రాన్నే స్లెడ్‌కి ఇచ్చాం. త్వరణాన్ని అదురు వడకట్టే సీఎఫ్‌సీ 60 ఫిల్టరు వేసి చూసుకోవడానికే ఉంచాం. వేగం 70 మిల్లీసెకన్ల లోపు సున్నాకు వచ్చి, ఆ తర్వాత కారు సెకనుకు ఒకటి రెండు మీటర్లు వెనక్కి తుళ్లింది. గట్టి గోడకు ఇది మామూలే.

సీటు దగ్గర చాలా రోజులు పట్టింది. పాత కార్లు విప్పి అమ్మే చోట వెనక కుషన్ ఒకటి కొని, 50 మి.మీ. ఘనాలుగా కోశాం. సముద్రపు గాలికి చెమ్మ పట్టి ఉంటుంది కాబట్టి ముక్కలను ఒక రాత్రి ఏసీ గదిలో ఉంచాకే తూచాం. ఒక్కోటి 6.9 గ్రాములు, అంటే ఘనపు మీటరుకు 55 కిలోలు. మెటీరియల్స్ ల్యాబ్‌లో నొక్కి, లాగి చూసే యూటీఎం యంత్రం మీద నిమిషానికి 100 మి.మీ. చొప్పున, మందం నాలుగో వంతు మిగిలేదాకా నొక్కాం. మొదటిసారి నొక్కినప్పటి వక్రం వాడకూడదు. రోజూ కూర్చునే సీటు ఫోమ్ అప్పటికే మెత్తబడి ఉంటుంది. అందుకే మూడో నొక్కుడు వక్రం తీసుకున్నాం.

ఇక్కడే రెండు తప్పులు దొర్లాయి, రెండూ ఎవరికైనా దొర్లేవే. మొదటిది యూనిట్లు. కారు నమూనా, మానవ నమూనా రెండూ టన్ను, మిల్లీమీటరు, సెకను పద్ధతిలో ఉన్నాయి. ఫోమ్ లక్షణాలు చెప్పే కార్డు మాత్రం కిలో, మిల్లీమీటరు, మిల్లీసెకనులో రాసి అతికించాం. దాంతో ఫోమ్ వెయ్యి రెట్లు బరువెక్కింది, వెయ్యి రెట్లు మెత్తబడింది. గట్టిదనం తగ్గి సాంద్రత పెరిగితే అందులో ధ్వని వేగం పడిపోతుంది, టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయం) పెరుగుతుంది. కాబట్టి సాల్వర్, అంటే లెక్క చేసే సాఫ్ట్‌వేర్, ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. మనిషి సీటులోకి బురదలో దిగినట్టు దిగిపోయింది. తప్పు పట్టిచ్చింది సాల్వర్ రాసే డీ3హెచ్ఎస్పీ ఫైల్లోని బరువుల పట్టిక: కుషన్ 8 టన్నులు. అప్పటినుంచి ఏ రన్ (లెక్కను ఒకసారి నడపడం) అయినా మొదటి పని ఆ పట్టిక చూడడమే. సీటు ఎనిమిది కిలోలు, మనిషి నలభై తొమ్మిది, అన్నీ తక్కెడ మీద తూచినట్టు కనిపించాలి.

రెండోది వక్రం చివర. మేం 75 శాతం దాకానే నొక్కాం. అది దాటాక సాల్వర్ చివరి వాలునే సాగదీసి వాడుకుంటుంది. నిజమైన ఫోమ్ అక్కడ రాయిలా బిగుస్తుంది. ప్రమాదంలో పిరుదుల కింద ఫోమ్ 90 శాతం దాకా నలుగుతుంది. సాగదీసిన వాలు చాలక ఎలిమెంటు లోపలిది బయటికి తిరగబడి, ‘నెగటివ్ వాల్యూమ్’ అని రాసి రన్ ఆగిపోతుంది. వక్రాన్ని చేత్తో 95 శాతం దాకా నిటారుగా పైకి లాగాం. ఫోమ్‌కి, ఎలిమెంటు తనలోకి తాను నలిగిపోకుండా ఆపే కాంటాక్ట్ ఇంటీరియర్ పెట్టాం. టైమ్ స్టెప్ గుణకాన్ని 0.9 నుంచి 0.67కి దించాం. ఈ మూడింటిలో నిజమైన మందు మొదటిదే. మిగతా రెండూ దానికి తోడు. గుణకం ఒక్కటే దించి నెట్టుకొస్తే ఆగిపోవడం కాస్త వాయిదా పడుతుంది, అంతే.

కూర్చోబెట్టడం. కుషన్ లోతు 490 మి.మీ. వచ్చింది. 153 సెం.మీ. మనిషికి పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా 430 దగ్గర ఉంటుంది. వీపు ఆనించి కూర్చుంటే మోకాలు సీటు అంచు దాటదు, కాళ్లు గాల్లో ఉంటాయి. కాసేపటికి ఎవరైనా ముందుకు జరిగి వీపు వాల్చి కూర్చుంటారు. అప్పుడు కటి వెనక్కి తిరుగుతుంది. నడుము బెల్ట్ పట్టుకోవాల్సిన ఎముక అంచు, తుంటి ముందు రెండు వైపులా చేతికి తగిలే ఆ కొన, నిలువుగా ఉండాల్సింది పోయి పడుకుంటుంది. కొక్కెం వంగిపోతే తాడు జారిపోయినట్టే. అందుకే రెండు భంగిమలు చేశాం: నిటారుగా ఒకటి, కటి 50 మి.మీ. ముందుకు జరిగి వాలినది ఒకటి.

థమ్స్ వచ్చేది స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు చాచిన భంగిమలో. చేతులు దించి తొడల మీద పెట్టాలంటే, మణికట్టు నోడ్‌కి ఒక సన్నటి కేబుల్ కట్టి, చేరాల్సిన చోటికి 200 మిల్లీసెకన్ల పాటు మెల్లగా లాగే చిన్న రన్ వేయాలి. తోలుబొమ్మను ఆడించినట్టే. త్వరపడి 50 మిల్లీసెకన్లలో లాగితే చంకలో, గజ్జల్లో కండ ఎలిమెంట్లు నలిగిపోతాయి. నలిగిన ఎలిమెంటు చిన్నదవుతుంది, దాని టైమ్ స్టెప్ పడిపోతుంది. 0.3 మైక్రోసెకన్ల దగ్గర ఉన్నది 0.05కి దిగింది. అప్పుడు టైమ్ స్టెప్ పెంచడానికి మాస్ స్కేలింగ్ పెడితే సాల్వర్ ఆ గజ్జల్లోనే బరువు కలుపుతుంది, సరిగ్గా మనకు ఫలితం కావాల్సిన చోట. నలిగిన చోట్లను పైపర్‌లో మెష్ సవరించి మళ్లీ లాగాం. యూరప్ ప్రాజెక్టులో తయారైన ఆ సాఫ్ట్‌వేర్‌లో మానవ నమూనాల భంగిమ, కొలతలు మార్చొచ్చు, ఉచితమే.

తర్వాత గురుత్వాకర్షణతో మనిషిని 300 మిల్లీసెకన్లు సీటులో కుదురుకోనివ్వాలి. సీటు, వీపు, నేల మీద పడిన నిలువు బలాలు కూడితే 49ని 9.81తో గుణించినంత, 480 న్యూటన్లు రావాలి. రాకపోతే ఇంకా ఊగుతోందని అర్థం. నలిగిన ఫోమ్ ఆకారంతో పాటు అందులోని ఒత్తిడిని కూడా డైనైన్ ఫైలు ద్వారా అసలు రన్‌కి మోసుకెళ్లాలి. ఆకారం ఒక్కటే మోసుకెళ్తే ఫోమ్ తన కొత్త ఆకారాన్నే సహజమనుకుని గట్టి బల్లలా ప్రవర్తిస్తుంది.

ఇక చీర. ఇది ఎవరి మాన్యువల్‌లోనూ లేదు కాబట్టి కొలిచి రాసుకోవాల్సి వచ్చింది. కుచ్చిళ్లు ఏడు పెడితే పద్నాలుగు పొరలు. వాటి కింద మొదటి చుట్టు, లంగా, బొందు ముడి. దోపిన చోట వెడల్పు 140 మి.మీ. దగ్గర. వర్నియర్‌తో వదులుగా పట్టుకుంటే మందం 12 మి.మీ., గట్టిగా నొక్కితే 5. తుంటి పక్కన మూడే పొరలు, మిల్లీమీటరుకు అటూ ఇటూ. అంటే బెల్ట్ పక్కల ఎముకకు ఆనుకుని, మధ్యలో దూరంగా నిలుస్తుంది. ప్రమాదంలో ఆ పన్నెండు ఐదుకు నలిగేటప్పటికి బెల్ట్‌లో 10 నుంచి 15 మి.మీ. వదులు వస్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, ఆ దోపుడు ఒక గట్టులా ఉండి బెల్ట్‌ను తుంటి కొనల కిందికి దిగనివ్వదు. బెల్ట్ గట్టు మీదికెక్కి కూర్చుంటుంది. మా కొలతలో కింది అంచు ఉండాల్సిన చోటుకన్నా 40 మి.మీ. పైన ఉంది.

ఘర్షణ కూడా ఇంట్లోనే కొలవచ్చు. మీటరు పొడవు పలక మీద పాత బెల్ట్ ముక్క అతికించాం. 2 కిలోల రాయికి గుడ్డ చుట్టి దాని మీద పెట్టి పలకను ఒక చివర మెల్లగా లేపాం. రాయి కదిలిన కోణం టాంజెంటే ఘర్షణ గుణకం. మామూలు కాటన్ 15 డిగ్రీలకు జారింది, 0.27. గంజి పెట్టిన కాటన్ 13కి, 0.23. సింథటిక్ చీర 11కే జారింది, 0.19. తడిపి పిండిన కాటన్ 22 దాకా ఆగింది, 0.40. మే నెలలో విశాఖలో చెమట పట్టిన నూలు చీర పొడికీ తడికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ తర్వాత గుడ్డ మీద గుడ్డ పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. సింథటిక్ పొర మీద సింథటిక్ పొర, బెల్ట్ మీద కన్నా ముందే జారుతుంది. ఎన్ని పొరలున్నా అన్నిటికన్నా తేలిగ్గా జారే జత ఏదో దాని మీదే మొత్తం కదులుతుంది. బెల్ట్‌కీ చీరకీ మధ్య ఘర్షణ ఎంత కచ్చితంగా పెట్టినా, కుచ్చిళ్ల మధ్య ఘర్షణ పెట్టకపోతే నమూనా తప్పు చెబుతుంది.

పదిహేడు పొరలనూ మెష్ చేయలేదు. చేస్తే కాంటాక్టులతోనే రన్ ఆగిపోతుంది. పైన ఒకటి, కింద ఒకటి గుడ్డ పొరలు, మధ్యలో 12 మి.మీ. నుంచి 5 దాకా మెత్తగా నలిగి తర్వాత బిగుసుకునే పల్చటి మెత్త. పొరల మధ్య ఘర్షణ కాటన్‌కి 0.25, సింథటిక్‌కి 0.17. ఇది ఉజ్జాయింపే. కుచ్చిళ్లు పక్కకు విచ్చుకుపోవడాన్ని ఇది చూపదు.

బెల్ట్ వెడల్పు 47 మి.మీ., మందం 1.2. ఒంటి మీద పోయే భాగం పల్చటి పలకల్లాంటి షెల్ ఎలిమెంట్లు, వెడల్పులో ఎనిమిది. కొక్కేల దగ్గర, బెల్ట్ చుట్టుకునే రిట్రాక్టర్ దగ్గర సన్నటి గీత ఎలిమెంట్లు. వెడల్పంతా ఒక్క గీతగా పెట్టిన బెల్ట్‌తో సబ్‌మెరైనింగ్ చూడకూడదు. బెల్ట్ జారేముందు దాని కింది అంచు ముందుగా లేచి మెలితిరుగుతుంది, గీతకు అంచు ఉండదు. మన దగ్గర చాలా కార్ల వెనక సీట్లలోలాగే, గుద్దగానే బెల్ట్‌ను బిగించే ప్రీటెన్షనర్ గానీ బలాన్ని పరిమితం చేసే లోడ్ లిమిటర్ గానీ పెట్టలేదు. రిట్రాక్టర్ తాళం పడ్డాక చుట్ట బిగుసుకుంటూ వదిలే 30 మి.మీ.ను మాత్రం వక్రంగా ఇచ్చాం. ఇది మరిచిపోతే బెల్ట్ నిజానికన్నా చాలా బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది.

రన్ 120 మిల్లీసెకన్లు. 0.3 మైక్రోసెకన్ల చొప్పున నాలుగు లక్షల అడుగులు. 32 కోర్ల మెషీన్ మీద ఒక్కోటి ఒకటిన్నర రోజు. కరెంటు పోయినా మొదటికి రాకుండా ప్రతి 20,000 అడుగులకూ డీ3డంప్ రాయించుకున్నాం. ఎండాకాలంలో ఏసీ ఆగితే మెషీన్ ఆగదు, వేగం తగ్గించుకుని రోజున్నర పనిని మూడు రోజులు చేస్తుంది. ఆ తేడా లాగ్ ఫైల్లో అడుగుకు పట్టే సమయం చూస్తేనే తెలుస్తుంది.

బొమ్మ చూసి ఫలితం చెప్పకూడదు. యానిమేషన్ ఎప్పుడూ నిజంలాగే ఉంటుంది. ముందు శక్తి లెక్కలు చూడాలి. అవర్‌గ్లాస్ శక్తి, అంటే ఎలిమెంట్లు దొంగగా వంకర్లు తిరగడంలో పోయే శక్తి, లోపలి శక్తిలో పది శాతం దాటకూడదన్నది అందరికీ తెలిసిన హద్దు. మొత్తానికి మూడు శాతమే వచ్చింది. కానీ భాగాల వారీగా చూస్తే పేగుల్లో ఇరవై దాటింది! కారు రేకులు లేకపోయినా సీటు చట్రం, బెల్ట్ మింగే శక్తి ముందు పేగులది లెక్కలోకి రాదు కాబట్టి మొత్తంలో అది కనపడదు. మనకు కావాల్సింది పేగులే. ఆ భాగాలకు ఆరో రకం అవర్‌గ్లాస్ నియంత్రణ పెట్టి మళ్లీ నడిపాకే అక్కడి సంఖ్యలు చదివాం.

ఫలితం చదివేటప్పుడు ఒక మాట తికమక పెడుతుంది. ఏఐఎస్ అంటే మన వాహన రంగంలో ప్రమాణాల పేరు: ఎదురు ప్రమాదానికి ఏఐఎస్-098, కార్లకు భద్రతా రేటింగు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌కి ఏఐఎస్-197. గాయాల లెక్కలో ఏఐఎస్ అంటే 1 నుంచి 6 దాకా ఉండే గాయం తీవ్రత కొలబద్ద. ఇంజినీరూ డాక్టరూ ఒకే గదిలో కూర్చుంటే ఏ ఏఐఎస్ అన్నది ముందే చెప్పుకోవాలి.

సబ్‌మెరైనింగ్‌ను రెండు దారుల్లో పట్టుకున్నాం. ఒకటి, కటికి కట్టిన స్థానిక అక్షాల్లో బెల్ట్ కింది అంచు తుంటి కొనను ఎప్పుడు దాటిందో కుడికీ ఎడమకీ విడిగా చూడడం. రెండు, నడుము బెల్ట్ బలం. భుజం బెల్ట్ బలం ఇంకా పెరుగుతుండగా నడుము బలం మూడు నాలుగు మిల్లీసెకన్లలో సగానికి పడిపోతే ఎముక చేయి వదిలేసినట్టే. రెండూ ఒకే క్షణాన్ని చూపితేనే జారిందని రాసుకున్నాం.

నిటారు భంగిమలో, కుచ్చిళ్లు పైకి సర్ది బెల్ట్‌ను తొడల మొదట్లో పెట్టినప్పుడు జారలేదు. వాలిన భంగిమ, సింథటిక్ కుచ్చిళ్ల మీద బెల్ట్ ఉన్నప్పుడు 50 మిల్లీసెకన్లు దాటగానే రెండు వైపులా జారింది. కాలేయంలో సాగుడు, చిరుగుడికి హద్దుగా వాడే 30 శాతం దాటింది. వాలిన భంగిమలోనూ బెల్ట్ కిందికి ఉంటే పట్టు నిలిచింది, కాకపోతే అంచుమీద నిలిచింది. చిక్కంతా నాలుగోదానితో వచ్చింది: నిటారు భంగిమ, కుచ్చిళ్ల మీద బెల్ట్. 32 కోర్ల మీద బకిల్ వైపు ఒక్కటే జారింది. అదే ఫైలును 24 కోర్ల మీద నడిపితే అసలు జారలేదు.

ఇది సాల్వర్ లోపం కాదు. కోర్ల సంఖ్య మారితే నమూనాను ముక్కలు చేసే తీరు, సంఖ్యలు కూడే వరస మారతాయి. పదో దశాంశంలో తేడా వస్తుంది. గోడ మీది పిల్లిలా ఎటూ కాని స్థితిలో ఆ తేడా చాలు. ఇలాంటి చోట ఒక్క రన్ చూసి జారింది, జారలేదు అని చెప్పడం పొరపాటు. బెల్ట్‌ను 5 మి.మీ. పైకి, కిందికి జరిపి, ఘర్షణను 0.03 అటూ ఇటూ మార్చి తొమ్మిది రన్లు వేశాం. బెల్ట్ ఎత్తు మార్చినప్పుడే ఫలితం ఎక్కువగా మారింది, ఘర్షణ దాని తర్వాతే. గుడ్డ రకం కన్నా బెల్ట్ ఎక్కడ ఉందన్నదే పెద్దదని ఈ తొమ్మిదింటి నుంచి మేం తీసుకున్న అభిప్రాయం.

పక్కటెముకలకు ఒక్క హద్దు పెట్టి విరిగింది అనడం సరికాదు. ఎముక ఎంత సాగి విరుగుతుందన్నది వయసుతో తగ్గుతుంది. వెనక సీట్లో కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్లే. అందుకే ఎలిమెంట్లను తొలగించే పద్ధతి ఆపేసి, 24 పక్కటెముకల్లో ఒక్కోదాని గరిష్ఠ సాగుడు తీసి, వయసును బట్టి విరిగే సంభావ్యత వేశాం. ఒకే రన్ నుంచి ముప్ఫై ఏళ్ల మనిషికీ డెబ్బై ఏళ్ల మనిషికీ లెక్క వస్తుంది. లోడ్ లిమిటర్ లేని భుజం బెల్ట్ కింద డెబ్బై ఏళ్ల లెక్క చూస్తే మనసు కష్టపెట్టుకోకుండా ఉండలేం. తల గాయం సంఖ్య హెచ్ఐసీ కూడా వచ్చింది గానీ పట్టికలో పెట్టలేదు. మా స్లెడ్‌లో ముందు సీటు వీపు లేదు. తల దేనికీ తగలని రన్‌లో వచ్చిన 700 లోపు సంఖ్యను హద్దు కింద ఉందని చూపడం చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

ఇదంతా చేసేముందే చేయాల్సిన పని ఒకటుంది. మేం దాన్ని మధ్యలో చేసి, మూడు వారాల రన్లు పారేసుకున్నాం. దానం చేసిన దేహాల పొట్ట మీద బెల్ట్‌ను లాగి కొలిచిన బలం, లోతు వక్రాలు ప్రచురితమై ఉన్నాయి. మన యంత్రం మీద, మన వెర్షన్ సాల్వర్‌తో, మనం మార్చిన అవర్‌గ్లాస్ సెట్టింగులతో ఆ పరీక్షను ముందు నడిపి చూడాలి. వక్రాల పోలికకు కోరా అనే పద్ధతిలో సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తారు. ఐఎస్ఓ 18571 కూడా ఇందుకే. పేగులకు పెట్టిన నియంత్రణ తొలిసారి ఎక్కువై పొట్ట గట్టిపడిందని ఆ పోలికలోనే బయటపడింది. పొట్ట గట్టిపడితే బెల్ట్ లోపలికి దిగదు, సబ్‌మెరైనింగ్ తక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. గుణకాన్ని సగానికి దించాక వక్రం దగ్గరికొచ్చింది. పైన చెప్పిన ఫలితాలన్నీ ఆ తర్వాతివే.

ఇప్పుడు మెషీన్ మీద ఉన్నది 55 కిలోల నమూనా. పైపర్‌లో పొట్ట, తొడల దగ్గర కొవ్వు పొర పెంచాం, ఎముకలు తాకలేదు. కూర్చోబెట్టే రన్‌లో నిలువు బలం 540 న్యూటన్లకు కుదిరింది. కుచ్చిళ్లు పెట్టకముందే బెల్ట్ తుంటి కొనకు 18 మి.మీ. దూరంలో ఉంది.